ఒక్క నట్టా, అయిదు బోల్టులా?

ఒక వస్తువు గొప్పతనము ఎందున్నదని ప్రశ్నించినచో, బాలురు సాధారణముగా కంటికి మొదట గనబడు దానినే చూపుదురు. స్పోర్ట్సు కార్ల చిత్రములను సేకరించి, వాటి వేగములను కంఠస్థము చేసికొని, మధ్యాహ్న విరామమున వాదించుకొను విద్యార్థులు నేడు లేని పాఠశాల యుండదు. అట్టి వాదములలో నొకటి చక్రమును గూర్చినది. కొన్ని కార్ల చక్రము నడుమ ఒకే పెద్ద నట్టు బిగింపబడి యుండును. దీనిని సెంటర్‌లాక్ చక్రమందురు. తక్కిన కార్ల చక్రములు నాభి చుట్టును అయిదు బోల్టులతో బిగింపబడి యుండును. ఒక్క నట్టు గల చక్రము పందెపు కారును తలపించును గావున అదియే శ్రేష్ఠమని పలువురు తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు తొందరపాటుదని నా యభిప్రాయము. బాటమీద నడుచు స్పోర్ట్సు కారునకు అయిదు బోల్టులే తగినవి. ఒక్క నట్టు పందెపు మైదానమునకు తగినది. ఈ మాటను ఊరక చెప్పి విడువక, చరిత్రను, యంత్రశాస్త్రమును, ఇటీవలి సంగతులను సాక్ష్యముగా జూపి నిరూపింప యత్నించెదను.

మొదట ఈ రెండు పద్ధతులును ఎట్లు పనిచేయునో తెలిసికొందము. ఎడ్లబండి నెరిగిన వారికి ఒక్క నట్టు పద్ధతి క్రొత్త కాదు. బండిచక్రమును ఇరుసునకు దొడిగి, ఇరుసు కొనయందు ఒక చీలను దిగవేయుదురు. ఆ యొక్క చీలయే చక్రమును జారిపోకుండ కాపాడును. సెంటర్‌లాక్ చక్రమును దీనికి దూరపు బంధువే. అయితే బండిచక్రము ఇరుసుపై తనంతట తిరుగును. కారు చక్రమునో నాభియే త్రిప్పవలెను, బ్రేకు వేసినపుడు నాభియే ఆపవలెను. కావున సెంటర్‌లాక్ చక్రమున నాభినుండి పొడుచుకొనివచ్చు బలమైన మేకులుగాని, నాభిపై చెక్కిన పండ్లుగాని చక్రపు రంధ్రములలో దిగి, త్రిప్పు పనిని తాము వహించును. నట్టు చక్రమును లోపలికి నొక్కి పట్టుకొనును.

అయిదు బోల్టుల పద్ధతి వేరు. ఇందు బోల్టులు చక్రమును నాభిపలకకు గట్టిగా నొక్కును. ఆ యొత్తిడివలన రెండు లోహపు ముఖముల నడుమ పుట్టు ఘర్షణయే చక్రమును త్రిప్పును, ఆపును. బోల్టులు అడ్డుగా కోతకు గురియై బరువు మోయుచున్నవని పలువురు తలంతురు. అది సరికాదు. సరిగా బిగించిన బోల్టు తీగవలె సాగి లాగి పట్టుకొనును, మోయునది ఘర్షణ. బిగింపు సడలినప్పుడే బోల్టు కోతకు గురియగును, అప్పుడే విరుగును.

ఇక చరిత్ర. మోటారు బండ్ల తొలి దినములలో చక్రమును ఊడదీయుట యను మాటయే లేదు. టైరు చీలినచో, బండివాడు దారిప్రక్కనే కూర్చుండి, చక్రము బండికుండగనే టైరును ఇనుప పట్టెలతో పెకలించి, లోపలి రబ్బరు గొట్టమునకు అతుకు వేసి, మరల ఎక్కింపవలసి యుండెను. ఈ బాధను తొలగింపదలచి 1904వ సంవత్సరమున వేల్సు దేశమందలి లానెల్లి పట్టణమున డేవిస్ సోదరులు ఆకులు లేని యొక చక్రపు వలయమును చేసిరి. గాలి పోయిన చక్రమునకు ప్రక్కగా దానిని కొక్కెములతో బిగించి బండిని నడుపుకొని పోవచ్చును. వారి దుకాణము స్టెప్నీ వీథిలో నుండుటచే దానికి స్టెప్నీ చక్రమని పేరు వచ్చెను. మన లారీ డ్రైవర్లు నేటికిని అదనపు చక్రమును స్టెప్నీ యనుట ఆ వీథి పేరువలననే. ఎక్కడి వేల్సు, ఎక్కడి మన రహదారి! అవసరమునుండి పుట్టిన వస్తువు ఎంత దూరము ప్రయాణము చేయునో చూడుడు.

పిమ్మట ఇంగ్లండునందలి కోవెంట్రీ పట్టణమున సైకిళ్లు చేయు రడ్జ్-విట్‌వర్త్ కంపెనీవారు ఇంకొక మెట్టు ముందునకు బోయిరి. ఆ సంస్థకు చెందిన జాన్ పూ అనునాయన ఊడదీయదగిన కమ్మీల చక్రమును రూపొందించెను. నాభిపై పండ్లు, వాటిపై జారుగా ఎక్కు చక్రము, నడుమ రెక్కలు గల ఒక్క నట్టు. బండివాడు మెత్తని లోహపు సుత్తితో ఆ రెక్కను నాలుగు దెబ్బలు కొట్టినచో నట్టు సడలును, చక్రము ఊడివచ్చును, స్టెప్నీని ఎక్కించి మరల నాలుగు దెబ్బలు కొట్టినచో పని పూర్తి. 1908వ సంవత్సరపు ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెమున ఇట్టి చక్రములతో రాదలచిన నేపియర్ కార్లకు నిర్వాహకులు సమ్మతింపలేదు. నేపియర్‌వారు పందెమునుండి విరమించుకొనిరి. పదునైదేండ్లు గడచిన పిదప 1923వ సంవత్సరమున లె మాన్‌లో ఇరువదినాలుగు గంటల పందెము మొట్టమొదట జరిగినపుడు, అందలి బహుమాన పాత్రకు రడ్జ్-విట్‌వర్త్ పేరే పెట్టబడెను. ఒకనాడు త్రోసివేయబడిన చక్రము ఇంకొకనాడు సన్మానింపబడెను.

ఈ నట్టునందొక చమత్కారము గలదు. విజ్ఞానశాస్త్రమును చదువు విద్యార్థులు దీనిని జాగ్రత్తగా గమనింపవలెను. నట్టు లోపలి ముఖము శంకువువలె వాలుగా నుండును. అందులో దిగు చక్రపు కొనయు అట్లే వాలుగా నుండును. కాని నట్టు లోపలి ముఖము రవ్వంత పెద్దది. బండి బరువుచే ఇవి రెండును ఒక వైపున మాత్రమే గట్టిగా ఒరసికొనును. చక్రము తిరిగినకొలది ఆ యొరయు చోటు నట్టు చుట్టును ప్రదక్షిణము చేయును. చిన్న వలయముపై పెద్ద వలయము దొర్లినట్లు, నట్టు ప్రతి చుట్టునకును చక్రము తిరుగు దిక్కునకు ఎదురుగా లేశమాత్రము జరుగ యత్నించును. ఆ జరుగుట బిగించుటయే యగునట్లు మర చెక్కినచో, బండి నడచినకొలది నట్టు మరింత బిగియును. అందుచేతనే బండి యెడమవైపున కుడిమరయు, కుడివైపున ఎడమమరయు ఉంచిరి. ఎవరైన అజాగ్రత్తచే ఆ నాభులను తారుమారు చేసినచో, అదే చమత్కారము శత్రువై నట్టును విప్పివేయును. ఒక సూత్రము మనకు మేలు చేయుటయు, కీడు చేయుటయు మన తెలివిమీద ఆధారపడి యున్నదనుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము లేదు.

ఇచ్చట ఒక సంగతిని మనసున బెట్టుకొనవలెను. ఈ నట్టు మొదట పుట్టినది ఆడంబరమునకు గాదు, సామాన్యుడైన బండివాని కష్టమును తీర్చుటకు. చేతియందొక సుత్తియున్న చాలును. వర్షములో, చీకటిలో, ఊరికి దూరముగా, ఒంటరిగానే యతడు చక్రమును మార్చుకొనవచ్చును. పందెమునకు గూడ అది పనికివచ్చుట తరువాతి లాభము.

కాలము మారెను. రెక్కల నట్టు చక్రమునుండి బయటికి పొడుచుకొనియుండి, దారిని పోవువారికి తగిలి గాయపరుపగలదని అమెరికా ప్రభుత్వము భావించి, 1968వ సంవత్సరము జనవరి మొదటి తేదీనుండి అమలులోనికి వచ్చిన నియమమువలన అట్టి రెక్కలను నిషేధించెను. అమెరికాకు పంపబడు బ్రిటిష్ స్పోర్ట్సు కార్ల నట్టులకు రెక్కలు పోయి ఎనిమిది పలకల రూపు వచ్చెను. అమెరికనుల కార్వెట్ కారునకు 1964 మొదలు 1966 వరకు ఒక్క నట్టు గల అల్యూమినియము చక్రములు కోరినవారి కిచ్చుచుండిరి. 1967లో వాటి స్థానమున బోల్టులతో బిగించు చక్రములే వచ్చెను. ఆ నియమమును 1996లో రద్దు చేసిరి. అప్పటికే అయిదు బోల్టుల పద్ధతి లోకమంతట స్థిరపడిపోయెను.

మరి నేటి సెంటర్‌లాక్ ఎట్టిది? జర్మనీ దేశపు పోర్షే కంపెనీవారి 911 జీటీ3 అను కారును ఉదాహరణముగా గైకొందము. 2006లో వచ్చిన జీటీ3కి అయిదు బోల్టులే యుండెను. 2009లో దానిని సవరించి విడుదల చేసినపుడు ఒక్క నట్టును అమర్చిరి. తరువాతి జీటీ3 కార్లకును అదియే కొనసాగెను. తరువాతి ఆ కార్లలో నట్టును 600 న్యూటన్-మీటర్ల బలముతో బిగింపవలెను. ఈ యంకె యెంతటిదో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. ఒక మీటరు పొడవు గల కడ్డీని నట్టునకు అడ్డముగా తగిలించి, దాని కొనపై 60 కిలోగ్రాముల బరువు గల మనుష్యుడు నిలుచుండినచో 588 న్యూటన్-మీటర్లు కలుగును. అనగా ఒక మనుష్యుడు సంపూర్ణముగా ఎక్కి నిలిచినను ఇంకను కొంత తక్కువే. పైగా అంత బలమును ప్రయోగించునపుడు చక్రము తిరుగకుండ ఇంకొకరు కారులో గూర్చుండి బ్రేకును త్రొక్కి పట్టవలెను. నట్టు తనంతట ఊడకుండ లోపల నొక కొక్కెము గలదు; అది సరిగా కూర్చుండెనో లేదో చూడవలెను. ఇదే కంపెనీవారి ఇటీవలి మామూలు 911 కారులో ఒక్కొక్క బోల్టునకు 160 న్యూటన్-మీటర్లు చాలును. అరవై సెంటీమీటర్ల పిడి గల స్పానరు కొనపై సుమారు 27 కిలోగ్రాముల బరువంత ఒత్తిడితో ఆ పని నెరవేరును. ఆరోగ్యవంతుడైన ఏ యువకుడైనను దీనిని చేయగలడు.

చూచితిరా విపరీతము! ఒకనాడు ఒంటరి బాటసారికి సుత్తితో పనిచేయు సులభోపాయముగా పుట్టిన ఒక్క నట్టు, నేడు ఇద్దరు మనుష్యులును, మనిషియెత్తు పరికరమును లేనిదే కదలనిదైనది. నాడు నలుగురి కెక్కించు అతుకుపనిగా నుండిన అయిదు బోల్టులు నేడు ఎవరికైనను వశమగునవైనవి. పేరు అదే, రూపు అదే, ప్రయోజనము తలక్రిందులైనది. పూర్వపు కీర్తిని జూచి నేటి వస్తువును మెచ్చుకొనుట తగదు.

ఒక్క నట్టునకు ఇంత బలమేల కావలసివచ్చెనని అడుగవచ్చును. దీనికి ఉత్తరము సులభము. బోల్టు ఎంత గట్టిగా నొక్కునో తెలిసికొనుటకు యంత్రజ్ఞులొక సుమారు లెక్కను వాడుదురు: త్రిప్పిన బలమును, బోల్టు మందముచేతను ఘర్షణాంకముచేతను భాగింపవలెను. అయిదు బోల్టులలో ఒక్కొక్కటి 14 మిల్లీమీటర్ల మందము గలది. పొడి మరకు ఘర్షణాంకము సుమారు 0.2. కావున 160ని 0.014 చేతను, 0.2 చేతను భాగించిన సుమారు 57,000 న్యూటన్లు వచ్చును. ఇది దాదాపు 5.8 టన్నుల బరువునకు సమానము. అయిదు బోల్టులును గలిసి సుమారు 29 టన్నుల బరువుతో చక్రమును నొక్కి పట్టుకొనుచున్నవి. సన్నని మర కొద్దిపాటి త్రిప్పుటతోనే గొప్ప లాగుబలము నిచ్చును. నడుమ నట్టు అనేక రెట్లు లావైనది. లావు పెరిగినకొలది, అదే త్రిప్పుబలమునకు నొక్కుడు తగ్గును. అందుచే త్రిప్పుబలమును మిక్కిలి పెంపవలసి వచ్చెను. చక్రమును త్రిప్పు భారమును వేరుగా మేకులమీద పెట్టవలసివచ్చెను. ఇందు దోషమేమియు లేదు. అదొక విధమైన మంచి యేర్పాటే. కాని బోల్టులు అయిదుండుట కేవలము పాతకాలపు అలవాటు కాదనియు, అందొక నిశ్శబ్దమైన తెలివి గలదనియు గ్రహింపవలెను.

ఇక ఎదుటిపక్షమువారి మాటను న్యాయముగా విందము. పందెమున ఒక్క నట్టునకు సాటి లేదు. ఫార్ములా వన్ పందెములలో నాలుగు చక్రములను మార్చుటకు పట్టుకాలము రెండు సెకనులకు దిగినది. 2023వ సంవత్సరమున ఖతార్ పందెమందు మెక్‌లారెన్ జట్టువారు 1.80 సెకనులలో ఆ పని ముగించిరి. అయిదేసి బోల్టులతో ఇది యెన్నటికిని సాధ్యము గాదు. అమెరికాలో నాస్కార్ కప్ పందెములయందు 2021వరకు అయిదు నట్టుల చక్రములే వాడిరి. అయిదు నట్టులను వరుసగా కొట్టి విప్పి, మరల బిగించు పనివారి హస్తలాఘవము ఆ పందెమునకొక యలంకారముగా నుండెను. 2022లో క్రొత్త కారుతోపాటు వారును ఒక్క నట్టునకే మారిరి. అనగా పందెపు లోకము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినట్లే. ఆ తీర్పును నేను శిరసావహించెదను. క్షణమునకు వెలగట్టు చోట క్షణమును మిగుల్చు పరికరమే ఉత్తమము.

అయితే ఆ లోకముననే ఒక్క నట్టు వలన సంభవించిన సంగతులను గూడ చూడవలెను. 1987వ సంవత్సరమున హంగరీ పందెమున నైజెల్ మాన్సెల్ ప్రథమస్థానమున పరుగెత్తుచుండగా, ఇంక ఆరు చుట్టులు మాత్రమే మిగిలియున్న సమయమున, వెనుక చక్రపు నట్టు ఊడిపోయి అతని విజయమును హరించెను. 2021వ సంవత్సరమున మొనాకోలో వాల్టెరి బొటాస్ రెండవ స్థానమున నుండి చక్రములు మార్చుకొన నిలిచెను. ముందు చక్రపు నట్టు అంచులు అరిగిపోయి ఎంత యత్నించినను ఊడలేదు. అతని పందెము అక్కడనే ముగిసెను. ఆ చక్రము కారును ఇంగ్లండునందలి కార్ఖానాకు జేర్చిన పిమ్మటగాని రాలేదు. ఇవి కేవలము పందెపు నష్టములు. 2013వ సంవత్సరమున జర్మనీలో మార్క్ వెబర్ కారునకు సరిగా బిగియని వెనుక చక్రము విడిపోయి, దొర్లుచు పోయి, అచ్చట పని చేసికొనుచున్న యొక ఛాయాగ్రాహకుని కొట్టెను. అతని ఎముకలు విరిగెను. ప్రాణముతో బయటపడుట అదృష్టమే. ఆ పిమ్మట ఆ మార్గమున ఛాయాగ్రాహకులు తిరుగుటను మిక్కిలి నియమపరచిరి. నాస్కార్‌వారు 2022లో చక్రము ఊడిపోయిన జట్టు నాయకునికిని, సంబంధించిన పనివారికిని నాలుగేసి పందెముల బహిష్కారమును శిక్షగా విధించుచుండిరి. ఆ శిక్ష యెంత తీవ్రమైనదో చూచినచో, ఊడిన చక్రము ఎంతటి యపాయమో వారు ఎరిగియుండిరని తెలియును.

గమనింపుడు: వీరందరును తర్ఫీదు పొందినవారు. వారి పని అదొక్కటే. దాని కొరకే నిత్యము సాధన చేయుదురు. అట్టివారి చేతులలోనే ఒక్క నట్టు అప్పుడప్పుడు ఇట్లు చేసినచో, నెలకొకసారియైనను చక్రమువైపు చూడని గృహస్థుని చేతిలో ఏమి కాగలదు? అయిదు బోల్టులలో ఒకటి సడలినచో తక్కిన నాలుగును కొంతకాలము భారము వహించును. చక్రము వణకును, చప్పుడు చేయును, నడుపువానికి హెచ్చరిక నిచ్చును. ఆ హెచ్చరికను విని నిలిపినవాడు బ్రదుకును. ఒక్క నట్టునకు తోడు లేదు. దాని లోపలి కొక్కెము మంచి కావలివాడే కాని, ఆ కావలివాడు తన స్థానమున నున్నాడో లేడో చూచుట మరల మనుష్యుని పనియే.

ఇందుకు కొందరు మూడు ఆక్షేపణలు చెప్పవచ్చును. మొదటిది, అయిదు బోల్టులును ఊడుట కలదు గదా యని. నిజమే. అశ్రద్ధకు ఏ యంత్రమును మందు గాదు. కాని పరికరమును ఎన్నుకొనునపుడు, మనుష్యుడు సహజముగా చేయు పొరపాటును ఏది ఎక్కువ సహించునో చూచుట వివేకము. రెండవది, ఈనాటి పెక్కు స్పోర్ట్సు కార్లలో స్టెప్నీయే లేదు; దారిలో చక్రమును మార్చుకొనుట యను ప్రశ్నయే రాదు గదా యని. ఇది బలమైన మాట. అయినను టైరు చీలినపుడు ఆ కారును ఏదో యొక ఊరి టైరుదుకాణమునకు జేర్పవలసినదే. అయిదు బోల్టులను విప్పు పరికరము చిన్న దుకాణమున సైతము దొరకును. 600 న్యూటన్-మీటర్లను కొలిచి బిగించు పరికరము అట్లు దొరకదు. చాలని పరికరముతో ఉజ్జాయింపుగా బిగించి పంపుటకంటె గొప్ప అపాయము లేదు. మూడవది, తన స్పోర్ట్సు కారును సెలవు దినములలో పందెపు మైదానమునకు దీసికొనిపోయి నడుపువాడు గలడు గదా యని. అట్టివానికి ఒక్క నట్టు తగదని నేననను. అతడు దాని నియమముల నన్నిటిని చదివి, కావలసిన పరికరమును కొని, తోడుగా ఒకనిని బెట్టుకొని, ప్రతిసారియు కొలిచి బిగించువాడైనచో దానిని నిస్సందేహముగా ఉంచుకొనవచ్చును. కాని ఆ కష్టము పడదలపక, చూచువారు మెచ్చుకొనుటకై మాత్రమే అయిదు బోల్టుల కారునకు ఒక్క నట్టును అతికించుకొనువాడు తన ప్రాణమును, పరుల ప్రాణమును అలంకారమునకు పణముగా ఒడ్డుచున్నాడు.

బరువు తగ్గుననువారును గలరు. అయిదు బోల్టులు పోవును, నిజమే. వాటికి బదులు పెద్ద నట్టు, మేకులు, పెద్ద నాభి వచ్చును. ఒక చోట తీసి ఇంకొక చోట పెట్టినట్లే. బాటమీద ఆ భేదము నడుపువానికి తెలియదు.

మన విద్యార్థులలో ఎక్కువమంది యిండ్లలో జీటీ3 యుండదు. కాని మామూలు కారుగాని, ఆటోగాని, ట్రాక్టరుగాని, లారీగాని ఉన్న ఇండ్లు అనేకములు గలవు. వారికి ఈ వ్యాసము వలన ఉపయోగమేమి యన్నచో, చక్రమును బిగించు పద్ధతిని చెప్పెదను. చక్రము కూర్చుండు ముఖమును మన్ను, త్రుప్పు లేకుండ తుడువవలెను. ఆ మాలిన్యము తరువాత నలిగి బిగింపును సడలించును. బోల్టులను మొదట చేతితోనే త్రిప్పవలెను. మర అడ్డముగా ఎక్కినచో చేతికే తెలియును. పిమ్మట ప్రక్కప్రక్కవాటిని వరుసగా బిగింపక, ఒకటి విడిచి ఒకటి చొప్పున, అయిదు కొనల నక్షత్రమును గీసినట్లు బిగింపవలెను. అప్పుడు చక్రము సమముగా కూర్చుండును. ఎంత బలముతో బిగింపవలెనో బండితోడి పుస్తకమున వ్రాసియుండును. ఆ యంకెను మించి బిగించుటయు తప్పే, ఏలయన మిక్కిలి సాగిన బోల్టు మరల తన బలమును పొందదు. ఏబది నూరు కిలోమీటర్లు నడచిన పిదప మరల ఒకసారి సరిచూడవలెను. ఈ కడపటి పనిని చేయువారు నూటికెందరో మీరే మీ యింట విచారించి చూడుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ కుమారుడు గాని కుమార్తె గాని కారు చక్రమును గూర్చి వాదించుచున్నప్పుడు, చదువు మాని ఇదేమి పిచ్చియని కసరకుడు. ఆ వాదమున బలము, ఘర్షణము, కొలత, చరిత్ర, చట్టము అన్నియు నిమిడి యున్నవి. ఏది అందముగా నున్నదని గాక, ఏది యెచ్చట తగియున్నదని అడుగుట నేర్పుడు. ఆ ప్రశ్న నేర్చినవారు రేపు వృత్తిని ఎన్నుకొనునపుడును, ఇల్లు కట్టునపుడును, స్నేహితుని ఎన్నుకొనునపుడును అదే ప్రశ్న వేయుదురు.

విద్యార్థులారా! ఒక్క నట్టు శూరునివంటిది. అందరి కన్నులు దానిమీదనే. అయిదు బోల్టులు కలిసి పనిచేయు తోబుట్టువులవంటివి; వాటి పేరు ఎవరును తలపరు. శూరుడు అవసరమైన చోటులు లోకమున గలవు. అతనిని అక్కడనే నిలుపుడు. ప్రతిదినము మనుష్యులు నడుచు బాటమీద, తల్లులు పిల్లలను పట్టుకొని దాటు బాటమీద, భారమును పంచుకొని నిలుచు అయిదుగురినే నమ్ముకొందము. దేవుడు మనకప్పగించిన ప్రాణములు మన ముచ్చటలకంటె విలువైనవి. ఈ సంగతిని తలంచి, చక్రము నెన్నుకొనువాడు చక్రముతోపాటు దానిని బిగించు చేతిని, పరికరమును, బాటను గూడ ఎన్నుకొనవలెనని చెప్పి విరమించెదను.